బొగ్గు పెరిగింది, బెల్లంపల్లి తగ్గింది

సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరై 2020 డిసెంబర్ 23కి నూరేళ్లు నిండాయి. ఇలాంటి సందర్భాల్లో బొగ్గు టన్నుల లెక్కలు చాలానే అచ్చవుతాయి. కావలసినవే. 2018–19లో కంపెనీ 644 లక్షల టన్నుల బొగ్గు తీసింది, అది మన కార్మికుల చెమట. ఆ లెక్క పక్కన ఇంకో లెక్క కూడా ఉండాలని నా కోరిక. ఆ బొగ్గు తీసిన ఊళ్లలో మనుషులెందరున్నారన్న లెక్క.

2001 జనగణనలో మా బెల్లంపల్లి పట్టణ జనాభా 66,660. 2011లో 55,841. పక్కనున్న మందమర్రిలో 66,176 ఉన్నది 52,352కు దిగింది. అంటే అక్కడ ఐదుగురిలో ఒకరు లేకుండా పోయారు. అదే పదేళ్లలో ఉమ్మడి రాష్ట్ర జనాభా దాదాపు 11 శాతం పెరిగింది. మా ఊళ్లను కరువూ వరదా ఖాళీ చేయలేదు. కంపెనీ మూతపడనూ లేదు, ఆ పదేళ్లూ దాని ఉత్పత్తి పెరుగుతూనే వచ్చింది.

ఇది అర్థం కావాలంటే ముందు ఇల్లెందు కథ తెలియాలి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు గుర్తించాడు. 1886లో సింగరేణికి ముందున్న హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు పైకొచ్చింది. డోర్నకల్ నుంచి రైలు మార్గం పడింది. అడవి మధ్య ఊరు లేచింది. జనం నోట అది ఇప్పటికీ బొగ్గుట్టే. కొన్ని దశాబ్దాలకు అక్కడి పాత గనులు అడుగంటాయి, కొత్తగూడెంలో కొత్తవి తెరుచుకున్నాయి, ప్రధాన కార్యాలయం కూడా అక్కడికి తరలింది. బొగ్గు ఎటు పోతే జనం అటు పోతారన్నది ఇల్లెందు అప్పుడే చూసింది. తర్వాత నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులతో అక్కడ మళ్లీ బొగ్గు వచ్చింది గానీ, కంపెనీకి పుట్టిల్లన్న పేరు మాత్రమే ఆ ఊరికి మిగిలింది.

బెల్లంపల్లిలో గనులు మొదలైంది 1920ల చివర. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయిందీ ఆ రోజుల్లోనే. గని, రైలు జంటగా రావడంతో ఊరు చూస్తుండగానే పెరిగింది. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి కూడా మనుషులొచ్చారు. భూమి లేనివాళ్లు, మగ్గం నడవనివాళ్లు, దొర దగ్గర వెట్టి చేయలేక రాత్రికి రాత్రి బయల్దేరినవాళ్లు. బాయి పని, అంటే గని పని, దొరికితే చాలు, నెలకు జీతం, ఉండటానికి క్వార్టరు, జబ్బు చేస్తే కంపెనీ దవాఖాన. కన్నాల బస్తీ, కాంట్రాక్టర్ బస్తీ, రడగంబాల బస్తీ అలా నిండినవే. పవర్‌హౌస్, క్లబ్బు, బడి, గుడి, మసీదు, చర్చి అన్నీ గని చుట్టూ వచ్చాయి. పండుగకు సొంతూరు వెళ్లినవాడు తిరిగొచ్చేటప్పుడు బావమరిదినో తమ్ముడినో వెంటబెట్టుకొచ్చేవాడు. మా జనాభా పెరిగింది ప్రసవాల కంటే ఎక్కువగా ఇలా బంధుత్వాల వరుసన.

అంతమందికి పని ఎలా దొరికింది? తట్టా చెమ్మసుతో (పారతో) బొగ్గెత్తే పద్ధతి వల్ల. పేల్చిన బొగ్గును ఫిల్లర్లు చేత్తో టబ్బుల్లోకి ఎత్తాలి, ట్రామర్లు వాటిని తోయాలి, కప్పు కూలకుండా టింబర్‌మెన్ దిమ్మెలు నిలబెట్టాలి, హాలర్ మీద ఒకరు, పంపు దగ్గర ఒకరు. బొగ్గు పెరగాలంటే చేతులు పెరగాల్సిందే. మూడు షిఫ్టుల సైరన్‌కు ఊరు మేల్కొనేది, తినేది, పడుకునేది. ఒక్కో కార్మికుడి వెనక భార్యాపిల్లలు, ఆ కుటుంబాల మీద ఆధారపడి కిరాణా కొట్టు, టైలరు, సైకిల్ షాపు, వడ్డీ వ్యాపారి. కార్మికుల సంఖ్యను ఐదుతోనో ఆరుతోనో హెచ్చిస్తే ఊరు తేలిపోయేది.

1975లో రామగుండంలో ఓపెన్‌కాస్టు మొదలైన రోజున బెల్లంపల్లిలో దాని గురించి ఎవరూ దిగులుపడి ఉండరు. మా జనాభా చరిత్రలో మాత్రం అదే పెద్ద మలుపని నా నమ్మకం. భూగర్భ గనిలో వందలమంది ఎత్తే బొగ్గును షావెల్, డంపర్లు కొద్దిమందితో ఎత్తుతాయి. మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయింది. ఆ మనుషులకు క్వార్టరు లేదు, కుటుంబాన్ని తెచ్చుకునే భరోసా లేదు. భూగర్భంలోనూ బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చి ఫిల్లర్ చేతిలో తట్ట తీసేశాయి. 1990ల మొదట్లో లక్షా పదహారు వేల వరకు ఉన్న కార్మికులు ఈనాటికి యాభై వేల లోపుకు వచ్చారు. స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో కొందరు వెళ్లారు. కొడుక్కు ఉద్యోగమిచ్చే వారసత్వ పద్ధతి ఏళ్ల తరబడి ఆగిపోయింది. నా లెక్కలో యంత్రం కంటే ఇదే గట్టి దెబ్బ. యంత్రం తండ్రి పని మార్చింది. ఆగిన ఉద్యోగం కొడుకును ఊరు దాటించింది. రిటైరైన రోజున క్వార్టరు ఖాళీ చేయాలి. కొడుకు మంచిర్యాలలోనో హైదరాబాద్‌లోనో ఉంటే, తల్లిదండ్రులు ఇక్కడ ఎందుకుంటారు?

సొంతిల్లు కట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. నేల కంపెనీ లీజుది. మూడు తరాలుగా ఉన్నా పట్టా లేదు, బ్యాంకు అప్పివ్వదు, అమ్మితే ధర పలకదు. ప్రభుత్వం జీవో 76తో ఈ స్థలాల క్రమబద్ధీకరణకు దారి తెరిచింది. చాలా ఆలస్యంగా వచ్చిన మేలు. ఇరవై ఏళ్ల ముందే వచ్చి ఉంటే, రిటైరైనవాళ్లలో ఎంతోమంది తమ పీఎఫ్ డబ్బుతో ఇక్కడే ఇల్లు బాగుచేసుకుని ఉండేవాళ్లు.

ఇప్పుడు ‘బెల్లంపల్లి ఏరియా’ అనే పేరు కంపెనీ కాగితాల్లో ఉంది, దాని జనరల్ మేనేజర్ కార్యాలయం మాత్రం గోలేటిలో. ఆ ఏరియా బొగ్గంతా ఖైరిగూడ లాంటి ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. ఊరి పేరు మీద బొగ్గు వస్తుంది గానీ ఊళ్లోకి జీతం రాదు. బొగ్గు అయిపోతే గని మూయక తప్పదు, దానికి కంపెనీని తప్పుబట్టలేం. అయితే ఫలానా గని ఫలానా ఏట మూతపడుతుందని దశాబ్దం ముందే తెలిసిన సంస్థ, ఆ గని మీద బతికే ఊరికి ఏం చేయాలో కూడా అప్పుడే ఆలోచించాలి. ఖాళీ క్వార్టర్లను కూలగొట్టకుండా రిటైరైనవాళ్లకు అద్దెకివ్వడం, కార్మికుల పిల్లలకు ఇక్కడే శిక్షణ, దవాఖానను ఊరందరికీ తెరవడం, ఇవేవీ కంపెనీ లాభాలకు భారమయ్యే పనులు కావు.

శతాబ్ది దాటిన కంపెనీని ఒకటి అడుగుతున్నాను. పాత మస్టర్ రిజిస్టర్లు, క్వార్టర్ల కేటాయింపు పుస్తకాలు, కంపెనీ బడుల అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఒకచోట చేర్చి పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. జనగణన పదేళ్లకొకసారి ఒక అంకె చెబుతుంది. ఏ పల్లె నుంచి ఎవరొచ్చారు, ఏ గని మూతపడ్డ ఏడాది ఏ బడిలో ఎంతమంది పిల్లలు టీసీలు తీసుకుని వెళ్లిపోయారు అన్నది ఆ రిజిస్టర్లలోనే ఉంది. కరోనాతో 2021 జనగణన వాయిదా పడింది. దానికోసం ఆగకుండా మా ఊరి పెద్దలు కూడా బస్తీ బస్తీ తిరిగి, తాళం పడ్డ ఇళ్లెన్ని, ఎవరెక్కడికి వెళ్లారో రాసి పెడితే బాగుంటుంది. కన్నాల బస్తీతో మొదలుపెట్టవచ్చు.