తార్నాకలో భద్రమైన రౌతుల ఆనవాళ్లు

అన్నదమ్ముల పోరు మనకు క్రొత్త కథ కాదు. భారతము మన యిండ్లలో పారాయణ గ్రంథము. సవతి తల్లుల బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజుల వైరమును శ్రీనాథుడు ద్విపదలో రచించెను. ఆ యుద్ధములందలి నాయకుల పేర్లు పిల్లలకును తెలియును. వారి వెంట నడచిన సామాన్య భటుల పేర్లు మాత్రము కావ్యములలో మిక్కిలి అరుదు. అట్టివారి జాడ కొంత దొరకు చోటు హైదరాబాదులో కలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వెళ్లినవారు 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల సౌధమును కన్నులార చూచి మరలుదురు. ఆ ప్రాంగణమునకు చేరువనే, తార్నాకలో, ఆర్కైవ్స్ అని పిలువబడు రాష్ట్ర దస్త్ర భాండాగారము ఉన్నది. షాజహాను, ఔరంగజేబుల కాలమునాటి దక్కను కచ్చేరీ పత్రములు ఇందు లక్షకు మించి కలవు. వాని భాష పారసీ. నాడు దక్కనుకు ముఖ్యస్థానము ఔరంగాబాదు. ఆ కచ్చేరీ అసఫ్‌జాహీలకు సంక్రమించుటచే దాని పత్రములు తుదకు హైదరాబాదు చేరినవి.

ఆ కాలముననే మొగలు సామ్రాజ్యమున ఇంటిపోరు రగిలినది. 1657 సెప్టెంబరులో షాజహాను వ్యాధిగ్రస్తుడు కాగా, దారా, షూజా, ఔరంగజేబు, మురాదు అను నలుగురు కుమారులును సింహాసనమునకై కత్తులు దూసిరి. ఔరంగజేబు అప్పటికి దక్కను సుబాదారు. 1656లో మన గోలకొండను ముట్టడించి, సంధి చేసికొని మరలినవాడు. ఆతడు 1658 ఫిబ్రవరిలో ఔరంగాబాదు నుండి సేనతో ఉత్తరమునకు తరలి, ఏప్రిలులో ధర్మత్ వద్దను, మే మాసమున సాముగఢ్ వద్దను గెలిచెను. తండ్రిని ఆగ్రా కోటలో నిర్బంధించెను. 1666లో కన్నుమూయు వరకు ఆ వృద్ధునకు విడుదల లేదు. దారా 1659లోను, మొదట తోడు నిలిచిన మురాదు 1661లోను వధింపబడిరి. షూజా అరకాను దేశమునకు పారిపోయి మరలి రాలేదు.

ఇది చరిత్ర గ్రంథములందు దొరకు కథయే. తార్నాకలోని 'అర్జ్-ఓ-చెహ్రా' పత్రములు తెలుపునది వేరు. వానిలో ఒక్కొక్క రౌతు పేరు, తండ్రి పేరు, జాతి, దేహచ్ఛాయ, నుదురు, కనుబొమలు, ముఖముపై మచ్చ, గాయపు గుర్తు, పిదప గుఱ్ఱపు రంగు, దానికి కాల్చి వేసిన ముద్ర వ్రాయబడియుండును. జీతము పుచ్చుకొనువేళ ఒకనికి మారుగా మరియొకడు రాకుండుటకును, మేలి గుఱ్ఱమునకు బదులు కుంటిదానిని చూపకుండుటకును చేసిన ఏర్పాటిది. సహకార సంఘపు లెక్కలతో తల నెరసిన నాకు ఆ గుమాస్తాల శ్రద్ధ ఎంతయు సంతోషము కలిగించినది. మోసము నరికట్టుటకై వారు వ్రాసిన నాలుగు పంక్తులే, మూడున్నర శతాబ్దముల పిమ్మట, ఆ రౌతులకు మిగిలిన చిత్తరువులు. సింహాసనము ఎవరిదను వాదము ఆ పత్రములలో లేదు; నుదుట గాయము గల మనుష్యుడు ఉన్నాడు.

మన గ్రామమున పటేలు పట్వారీ ఉద్యోగములు 1984లో రద్దయిన పిదప పాత దస్త్రములు కొన్ని అటకల కెక్కినవి. మరికొన్ని చెదల పాలైనవి. పహాణీలు, కౌలు కాగితములు, శిస్తు రసీదులు తూకమునకు అమ్ముడగుచున్నవి. మన తాతల పేర్లు, వారు దున్నిన చేలు ఉన్నది వానియందే. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గము ఒక యినుప బీరువాను వీనికై కేటాయింపవలెననియు, గ్రామస్థులు తమ యిండ్లలోని పాత కాగితములను తెచ్చి ఇయ్యవలెననియు నా మనవి. వాని పట్టికను వ్రాయు పని నేను వహింతును.