ముత్తాత పేరు ఏ రిజిస్టర్లో ఉంది?



తెలుగు ప్రబంధం ఏది తెరిచినా కథ కంటే ముందు వంశం వస్తుంది. కృతి అందుకున్నవాడి తాత ఎవరు, ముత్తాత ఎవరు, వాళ్లు ఏమేం గెలిచారు అని పద్యాలకు పద్యాలు. నన్నయ కూడా భారతం మొదట్లో రాజరాజనరేంద్రుడి చాళుక్య వంశాన్ని పొగిడాకే కథలోకి వెళ్లాడు. రాజుల సంగతి సరే, ఊళ్లోనూ అంతే. కాపులకు, కమ్మలకు గోత్రాలూ ఇంటిపేర్లూ అప్పజెప్పడానికి పిచ్చిగుంట్లవాళ్లు ఉన్నారు. రాజులకు, వెలమలకు భట్రాజులు ఉన్నారు. కరణం ఇంట్లో కవిలె కట్టలు ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ ఊరూరా కైఫీయతులు రాయించినప్పుడు ఆ కరణాల కట్టలే ఆధారం అయ్యాయి.

కాబట్టి వంశం వెతకడం మన దేశంలో కొత్త సరదా కాదు. భూమి ఎవరిది, మిరాశీ ఎవరిది, గుడిలో మొదటి మర్యాద ఎవరికి అని తేల్చే పత్రం అది. పంచుకోవడానికి సెంటు భూమి లేనివాడికి వంశం లెక్క ఎందుకు అని ఆ వ్యవస్థ అనుకుంది. మన పేర్లు రాయలేదు.

రాయలేదంటే మనకు చరిత్ర లేదని కాదు. మాదిగలకు డక్కలివాళ్లు ఉన్నారు. పటం విప్పి, కిన్నెర మీటి, జాంబవుడి దగ్గర మొదలుపెట్టి కథ చెప్పారు. అందరికంటే ముందు పుట్టినవాళ్లం మనమే అని వెలివాడలో నిలబడి చెప్పడం చిన్న విషయం కాదు. మనకు వంశగౌరవం ఇచ్చిన ఆ డక్కలివాళ్లనే వాడ బయట నిలబెట్టారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. దాన్ని దాటవేసి మాట్లాడితే అది నిజాయితీ కాదు. అయితే జాంబపురాణం ప్రధానంగా కులం పుట్టుకను చెబుతుంది. మీ ముత్తాత ఎవరు, ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చాడు అన్నది అందులో దొరకదు.

విడివిడి మనుషులుగా మన పేర్లు కాగితం మీదికి ఎక్కింది వలస పాలనలో. అదీ మన కోసం కాదు.

మొదటిది ఓడ రిజిస్టరు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లారు. వాళ్లలో తెలుగు జిల్లాల మాల, మాదిగలూ ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. కూలీని గుర్తుపట్టడానికి రాసుకున్న మచ్చ ఇవాళ డర్బన్‌లో ఉన్న మునిమనవరాలికి ఆనవాలు అయింది. ఒకప్పుడు ఆ జాబితాలు చూడాలంటే ఆర్కైవ్స్ మెట్లెక్కాలి. ఇప్పుడు అవి కంప్యూటర్‌లోకి వచ్చాయి. ఊళ్లోనే ఉండిపోయిన కూలీకి అంత వివరమైన కాగితం ఏదీ మిగల్లేదు.

రెండోది సంఘం రిజిస్టరు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు పని పెట్టాడు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఇట్లా కోస్తా జిల్లాల్లో చాలా దళిత కుటుంబాలకు తాత తండ్రి పేరు దొరికే అవకాశం ఉన్న చోటు పాత సంఘం పుస్తకమే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు ఎస్సీ కాడు అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సిలో పెట్టారు. అందుకే ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. అందుకే తాత బాప్తిస్మం సంగతి అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. అది మతిమరుపు కాదు, మనవడి ఉద్యోగానికి కాపలా. మరోవైపు 2015లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఏమందో చూడండి. తాత మతం మారినా, మనవడు తిరిగి హిందూ మతంలోకి వచ్చి, పూర్వీకుల కులాన్ని రుజువు చేసి, ఆ కులం వాళ్లు ఒప్పుకుంటే ఎస్సీ హోదా దక్కుతుంది. అంటే తాత కులం రాసి ఉన్న ఆ పాత పుస్తకం హక్కు తీసేయడానికీ పనికొస్తుంది, నిలబెట్టడానికీ పనికొస్తుంది. సవర్ణుడికి వంశవృక్షం గోడ మీద పటం. మనకు కోర్టులో సాక్ష్యం.

ఈ పాతికేళ్లలో మన రచయితలు మరో దారి వేశారు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో తరాల కథ రూతు జ్ఞాపకంలోంచి వస్తుంది. వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' (2011)లో తన రైల్వే కుటుంబాన్ని తరాల వెనక్కి వెళ్లి రాశాడు. సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) కోసం తల్లినీ, మేనమామ శివసాగర్‌నూ అడిగి అడిగి రాసింది. రిజిస్టరు తండ్రి పేరు దగ్గర ఆగిపోతుంది. అమ్మ పుట్టిల్లు, ఆమె చేసిన వెట్టి, ఊరు విడిచిన రాత్రి ఎక్కడా రాసి ఉండవు. అవి నాయనమ్మలకే తెలుసు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో ఫోన్ రికార్డర్ ఆన్ చేసి ఇంట్లో పెద్దామె దగ్గర కూర్చోండి. ముందు ఆమె అనుమతి అడగండి. తండ్రి వైపే కాదు, తల్లి వైపూ నాలుగు తరాలు అడగండి. పట్టా కాగితాలు, పాత రేషన్ కార్డులు, సంఘం పుస్తకాలు ఉంటే ఫొటో తీసి దాచండి. కానీ బతికున్నవాళ్ల పేర్లున్న కాగితం ఏదీ సోషల్ మీడియాలో పెట్టకండి. మీకు గర్వంగా కనిపించే పేజీ మీ పెదనాన్న కొడుకు ఉద్యోగం మీద ఫిర్యాదు అయ్యే దేశం ఇది.

ఇంతకాలం మన పేర్లు వేరేవాళ్లు వాళ్ల అవసరానికి రాసుకున్నారు. ఇక మనం రాసుకుందాం.

జై భీమ్.