ముగ్గురు అక్కచెల్లెళ్ల పూలు
కెనడాలోని స్కార్‌బరో తూర్పు అంచున, రూజ్ నది లోయలో, 17వ శతాబ్దపు రెండో సగంలో సెనెకా ఆదివాసుల ఊరు ఉండేది. నేడది బీడ్ హిల్ జాతీయ చారిత్రక స్థలం. సెనెకాలు మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి కలిపి వేసి, వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్లుగా భావించేవారు. చిత్రంగా, ఈ మూడింటి పూల కాపురాలు మూడు తీరులు.

బీన్స్ పువ్వులో కేసరాలు, అండకోశం ఒకేచోట ఉంటాయి. సాధారణంగా రేకులు విచ్చేలోపే పుప్పొడి కీలాగ్రానికి అంటుతుంది.

మొక్కజొన్నలో మగపూలు పైన జల్లులో, ఆడపూలు కండెలో ఉంటాయి. కండె కొసన వేలాడే ప్రతి పీచుపోగూ ఒక కీలం. గాలికి దానిపై వాలిన పుప్పొడి రేణువు సన్నని నాళాన్ని పోగు పొడవునా సాగించి, అండాన్ని చేరితేనే అక్కడ గింజ కడుతుంది. గింజలేని ఖాళీలు చాలావరకు ఫలదీకరణ జరగని అండాల గుర్తులే.

గుమ్మడి తీగకు ఆడ, మగ పూలు వేర్వేరు. ఆడపువ్వు కింది చిట్టి పిందే అండాశయం. జిగురైన బరువు పుప్పొడిని గాలి మోయలేదు. ఐరోపా తేనెటీగలు 1622లో వర్జీనియాకు రాకముందే దాన్ని మోసినవి స్థానిక తేనెటీగలు. వాటిలో గుమ్మడి తేనెటీగ మరీ ముఖ్యం: మెక్సికో ప్రాంతం నుంచి సాగు వెంటే ఉత్తరాన అంటారియో దాకా వచ్చింది. తెల్లవారుతూనే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి చేరుస్తుంది. పుప్పొడి అందని పిందె పసుపెక్కి రాలిపోతుంది.