సవ్యసాచి

సంస్కృతంలో ‘సవ్య’ అంటే ఎడమ. గాండీవాన్ని ఎడమచేత్తోనూ లాగగలడు గనుకనే అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. విరాటపర్వంలో తన పది పేర్లు ఉత్తరుడికి వివరిస్తూ ఈ సంగతి తానే చెబుతాడు.

తమాషా ఏమిటంటే, తెలుగులో ‘సవ్యం’ అంటే సరైనది. గడియారం ముల్లు తిరిగేది సవ్యదిశ. తేడా వస్తే అపసవ్యం. ఎడమ కాస్తా ఒప్పయి కూర్చుంది!

నేడు సవ్యసాచి అంటే రెండు విద్యల్లో దిట్ట. నటనా, దర్శకత్వమూ తెలిసినవారిని అలాగే పొగుడుతాం. అసలు అర్థానికి తగినవాడు మాత్రం 2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన శ్రీలంక ఆటగాడు కమిందు మెండిస్. ఈడెన్ గార్డెన్స్‌లో ఒకే ఓవర్లో కుడిచేతి బ్యాటరుకు ఎడమచేత్తో, ఎడమచేతి బ్యాటరుకు కుడిచేత్తో బంతులేశాడు.

క్రికెట్‌లో చెయ్యి మార్చే ముందు అంపైరుకు చెప్పాలి. అమెరికా హైస్కూలు బేస్‌బాల్‌లో నియమం ఇంకా గట్టిది: ఒక బ్యాటరుకు ఏ చేత్తో మొదలుపెడితే ఆ చేత్తోనే ముగించాలి. అర్జునుడికి ఆ బాధ లేదు.