తొలి అభిప్రాయాలలో వైయక్తిక భేదాలు

ముక్కూ మొహం తెలియని ఒకే మనిషి ఒకరికి చూడగానే నచ్చడం, పక్కనున్నవారికి కారణం తెలియకుండానే నచ్చకపోవడం సాంఘిక మనోవిజ్ఞానంలో చాలాకాలం పెద్దగా పట్టించుకోని విషయం. సాలమన్ ఆష్ 1946లో ఒక ఊహావ్యక్తి గుణాల జాబితాలో ‘ఆప్యాయత గలవాడు’ అన్నచోట ‘ముభావి’ అని మారిస్తే ఆ వ్యక్తిని గురించిన భావచిత్రమంతా తారుమారవుతుందని నిరూపించినప్పుడు గాని, ముఖచిత్రాన్ని సెకనులో పదోవంతు చూపినా జనం దాని విశ్వసనీయతపై తీర్పు చెప్పగలరని విలిస్, తొదొరోవ్ 2006లో తేల్చినప్పుడు గాని పరిశోధకుల దృష్టి అందరిలో సమానంగా కనిపించే లక్షణాలమీదే నిలిచింది.

చూసేవారి వంతును విడదీసి కొలిచే పద్ధతిని డేవిడ్ కెన్నీ రూపొందించాడు. ఆయన లెక్కలో ప్రతి తీర్పులోనూ ఎదుటివారెవరైనా ఒకే తీరున అంచనా కట్టే పరిశీలకుడి అలవాటు, ఎవరు చూసినా ఒకేలా తోచే ఎదుటివారి స్వభావం, ఆ ఇద్దరి మధ్య మాత్రమే ఏర్పడే ప్రత్యేక సంబంధం కలిసి ఉంటాయి. వీటిలో మొదటిది చిన్నదేమీ కాదు.

ఆ అలవాటును మనుషుల ప్రసక్తే లేకుండా పట్టుకోవడానికి రసెల్ ఫేజియో బృందం ‘బీన్‌ఫెస్ట్’ అనే కంప్యూటర్ ఆటను వాడింది. తెరమీద ఒక్కొక్కటిగా కనిపించే చిక్కుడు గింజలు గుండ్రం నుంచి కోలగా, కొద్ది మచ్చల నుంచి ఎక్కువ మచ్చలదాకా మారుతూ ఉంటాయి. కొన్ని రకాలను తీసుకుంటే 10 పాయింట్లు వస్తాయి, కొన్నిటివల్ల అన్నే పోతాయి, వద్దనుకుంటే లాభనష్టాలు రెండూ ఉండవు. 2004లో వెలువడిన తొలి ప్రయోగాలలో చెడ్డదని పొరపడి వదిలేసిన గింజ నిజానికి మంచిదని తెలిసే దారే లేకపోయింది కనుక ఆ అపోహ చివరిదాకా నిలిచిపోయింది; మొదటి పరిచయంలోనే దూరం పెట్టిన మనిషి విషయంలోనూ జరిగేది బహుశా ఇదే. నేర్చుకోవడం ముగిశాక, మంచి గింజనూ చెడ్డ గింజనూ ఏకకాలంలో పోలిన కొత్త గింజను చూపితే కొందరు మంచి పోలికకు, కొందరు చెడ్డ పోలికకు ఎక్కువ విలువ ఇస్తారు. చెడ్డవైపు మొగ్గేవారిలో తిరస్కారభయం, కొత్తవాటిపట్ల జంకు ఎక్కువగా కనిపించడం గింజల ఆటకూ జీవితానికీ ఉన్న లంకెను బలపరుస్తుంది.

అసలు తీర్పు చెప్పాలన్న తహతహలోనే తేడా ఉంటుంది. ప్రతిదాన్నీ మంచిచెడ్డలుగా తూచే ఈ ప్రవృత్తిని కొలవడానికి జార్విస్, పెట్టీ 1996లో 16 ప్రశ్నల మాపనిని తయారుచేశారు. హెప్లర్, అల్బరసిన్ 2013లో మరో దారి తొక్కి, వాస్తుశిల్పం, చన్నీటి స్నానం, రాజకీయాలవంటి పరస్పర సంబంధం లేని అంశాలపై ఇష్టానిష్టాలను అడిగి, వాటి సగటునుబట్టి అంతకుముందు ఎన్నడూ చూడని వస్తువుపై ఆ వ్యక్తి వైఖరిని కొంతమేరకు ఊహించవచ్చని చూపారు.

ఈ తేడాలన్నీ పుట్టుకతోనే వస్తాయనడానికి ఆధారం బలంగా లేదు. ముఖసౌందర్యంపై అభిరుచుల విషయంలో 547 జతల సమరూప కవలలనూ, 214 జతల అసమరూప కవలలనూ పోల్చిన 2015 నాటి అధ్యయనం జన్యువులకంటే పరిసరాలకే, అందులోనూ తోబుట్టువులు పంచుకునే ఇంటి వాతావరణానికి కాక ఎవరికివారికి విడిగా ఎదురైన అనుభవాలకే పెద్దపీట వేసింది. ముఖాన్నిబట్టి నమ్మకం కుదరడంపై 2020లో జరిగిన కవలల అధ్యయనమూ ఇంచుమించు ఇదే తేల్చింది. అటువంటి అనుభవం పనిచేసే తీరును వెరోస్కీ, తొదొరోవ్ 2010లో చూపారు: మంచి పనులు చేసినట్టు విన్న వ్యక్తి ముఖానికి దగ్గరగా ఉన్న కొత్త ముఖాలకు, చెడు విన్న వ్యక్తిని పోలిన ముఖాలకంటే మెరుగైన అంచనాలు దక్కాయి.