గొర్రులోని తెలివి

అనంతపురము జిల్లా బెళుగుప్ప ప్రాంతమున వాన పడిన పిమ్మట విత్తుటకు చిక్కు వ్యవధి కొద్దిరోజులే. ఆ పనికి తరతరాలుగా అక్కరకు వచ్చినది గొర్రు. దిండు, పళ్లు వడ్రంగి చేయును. పళ్లకు తొడుగు ఇనుపముక్కులు కమ్మరివి. జడ్డిగములో గింజలను ఏ ఒడుపున వదలవలెనో విత్తువారి చేతికే తెలియును. చాళ్ల ఎడము ముందే స్థిరపడియుండుటచే ఎవరి భాగమును వారు బాగుచేయవచ్చును. వెదురుగొట్టమునకు బదులు ఇనుపగొట్టము పెట్టినను తక్కిన గొర్రు మారనక్కర లేదు. అయితే మొత్తము అమరికను మార్చుట ముగ్గురిలో ఎవరి పనియు కాదు.

పెద్ద సంస్థలకును ఈ చిక్కు తప్పలేదు. ఎలక్ట్రానిక్ చిప్పులపై కాంతితో రూపములను ముద్రించు యంత్రముల చరిత్రను రెబెక్కా హెండర్సన్, కిమ్ క్లార్క్ 1990లో వివరించిరి. భాగములు ఇంచుమించు అవేయైనను వాటి పొందిక మారినప్పుడెల్ల పేరుమోసిన సంస్థలే వెనుకబడెను. వాటి శాఖలు పాతయంత్రపు భాగములను బట్టి విడివడియుండెను. భాగముల నడుమ మారినదానిని పట్టించుకొను శాఖ లేదు.

1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్‌లో ఇంజనీర్లు, నేలల శాస్త్రజ్ఞులు ఒకే ఆవరణలో ఉండిరి. ఆ దశాబ్దమున వారు పరీక్షించిన ట్రాపికల్టరు, దున్నుట, విత్తుట, బరువు మోయుట ఒకే చక్రాల చట్రముతో చేయు ఎడ్ల పరికరము. పరిశోధనాక్షేత్రమున చక్కగా నడచినది. కొన్న రైతులు కొద్దిమందే. ధర హెచ్చు. బండియు గొర్రును ఇంట ఉండనే ఉన్నవి. చట్రము విరిగినచో పనులన్నియు ఒక్కసారే ఆగును! ఈ లెక్క కట్టగలవాడు రైతు; అతడు ఆవరణకు వెలుపల ఉండెను. ఇట్టి పరికరములను పలు దేశములు తుదకు తిరస్కరించినవని 1988లో పాల్ స్టార్కీ తన గ్రంథమున చూపెను.

తరువాత అనంతపురము పొలములకు ట్రాక్టరు గొర్రు వచ్చినది. దాని చట్రము, పళ్లు, గొట్టములు అన్నియు ఇనుమే. ఒక్క వెల్డింగు షాపు చాలును.