వాడుక స్థలనామాలు (ఖమ్మం, భద్రాచలం ప్రాంతం)

సర్కారు రికార్డుతో నిమిత్తం లేకుండా జనం తమ పేటలకు, కూడళ్లకు, ఒక్కోసారి మొత్తం ప్రాంతానికి పెట్టుకున్న పేర్లు ఇవి. మునిసిపల్ వార్డుకు అంకె, హద్దు ఉంటాయి. వాడుక పేరుకు హద్దు చెప్పలేరు, నడిబొడ్డు ఎక్కడో మాత్రం అందరికీ తెలుసు. ఈ నడిబొడ్డును ఇక్కడ 'సెంటర్' అంటారు. ఖమ్మంలో మయూరి సెంటర్, భద్రాచలంలో బ్రిడ్జి సెంటర్, తాతగుడి సెంటర్ అలాంటివే.

పాత పేర్లలో గుట్ట, చెట్టు, గూడెం ఎక్కువ. స్తంభాద్రి అనే గుట్ట పేరు నుంచి ఖమ్మం వచ్చిందని ప్రసిద్ధి. మామిళ్లగూడెం ఒకప్పటి పల్లె పేరును నేటికీ నిలుపుకుంది. కాకతీయుల నుంచి అసఫ్ జాహీల దాకా గడిచిన కాలానికి గుర్తుగా ఖిల్లా, కమాన్ బజార్ వంటి కొన్ని పేర్లు మిగిలాయి.

ఈ పేర్లకు అసలు సంపద బొగ్గుతో వచ్చింది. భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లందు దగ్గర నల్లరాళ్లతో పొయ్యి పెడితే కట్టెలతోపాటు రాళ్లూ అంటుకున్నాయని పెద్దలు చెబుతారు. 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ అక్కడి బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. ఇల్లందును నేటికీ 'బొగ్గుట్ట' అనే పిలుస్తారు. సింగరేణి నిజానికి పక్కనున్న ఊరి పేరు. ఇప్పుడు ఆ మాట వింటే కంపెనీయే గుర్తొస్తుంది. సింగరేణి మండల కేంద్రాన్ని జనం కారేపల్లి అంటారు.

గని కార్మికుల బస్తీలకు అంకెలే పేర్లయ్యాయి. ఇల్లందులో 2 నంబర్ బస్తీ, 24 ఏరియా ఉన్నాయి. కొత్తగూడెం పక్కన త్రీ ఇంక్లైన్ ఉంది. భూమిలోకి వాలుగా దిగే గని దారిని ఇంక్లైన్ అంటారు. బడికి వెళ్లే పిల్లవాడు సైతం ఈ మాటను తెలుగు మాటగానే పలుకుతాడు. కొత్తగూడెంలోనే రైటర్ బస్తీ, కూలీలైన్, బాబు క్యాంప్, బర్మా క్యాంప్ ఉన్నాయి. రైటర్ అంటే గుమాస్తా, లైన్ అంటే వరసగా కట్టిన క్వార్టర్లు. ఎవరు రాతపని చేశారో, ఎవరు తట్ట మోశారో ఈ పేర్లలోనే తెలుస్తుంది. పాల్వంచలో 'నవభారత్' ఫ్యాక్టరీ పేరు, అదే ఆ చోటి పేరు కూడా.

కొత్తగూడెం స్టేషన్‌ను రైల్వే 'భద్రాచలం రోడ్' అంది. రామాలయానికి పోయే భక్తులు అక్కడ దిగి మరో 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఈ పేరు చూసి గుడి దగ్గరికే వచ్చేశామనుకుని దిగే కొత్తవారికి స్థానికులు ఓపిగ్గా బస్సు చూపిస్తారు.

అడవి అంచున మొత్తం ప్రాంతానికే వాడుక పేరుంది: 'ఏజెన్సీ'. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. కొండ ప్రాంతాలను గవర్నర్ ఏజెంటు హోదాలో కలెక్టరే పాలించేవాడు. ఏజెంటు పోయాడు, ఏజెన్సీ నిలిచింది. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ కూడా స్థలనామమైంది. ఇంటి స్థలం కొనబోయేవారు "ఇది వన్ ఆఫ్ సెవెంటీ ఏరియానా?" అని ముందు అడుగుతారు. కోయ గిరిజనుల ఆవాసాల పేర్లలో 'గుంపు' అనే మాట తరచూ వినిపిస్తుంది.

భద్రాచలం డివిజన్ 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో గోదావరి వంతెన ప్రారంభమయ్యాక బ్రిడ్జి సెంటర్ ఊరికి ముఖద్వారమైంది. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ తర్వాత కట్టిన కరకట్ట కూడా దారి చెప్పడానికి గుర్తయింది. 2014లో ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాష్ట్రం మారినా అక్కడివారి సంత, ఆసుపత్రి, బస్సు మాత్రం భద్రాచలంలోనే ఉన్నాయి. వారి మాటల్లో ఊరు అంటే నేటికీ భద్రాచలమే.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాకు భద్రాద్రి కొత్తగూడెం అని పేరు పెట్టారు. జనం పొట్టిగా కొత్తగూడెం జిల్లా అంటారు. ఇక పాత పేర్ల సంగతికొస్తే, గనులు మూతపడ్డ చోట బస్తీల అంకెలు ఏ గనివో చెప్పగలిగేది పదవీ విరమణ చేసిన కార్మికులే. వారు ఉండగానే ఆ వివరాలు రాసిపెట్టుకోవాలి.